బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి శీలవ్రతము



శేషాచల పాదమున నున్న అలిపిరికి వచ్చిన యాత్రికుడు మొట్టమొదట పాదరక్షలు విడుచును. పాదాల మండపమున స్వామివారి పాదుకలను శిరమున దాల్చి ప్రదక్షిణము చేయును. అటుపిమ్మటగాని సోపానముల నెక్కడు. ఎదుట సుమారు మూడున్నరవేల మెట్లున్నవి. ఎక్కుటకు ముందు విడువవలసినదానిని విడువవలయునని ఈ స్థలము మనకు నేర్పుచున్నది. ఇట్టి స్థలమున గూడిన మన మహాసభా సంచికలో, తాను విడిచినదానిచేతనే పెద్దయైన యొక మహనీయుని చరిత్రము వ్రాయుట యుచితమని తలంచి, బ్రహ్మర్షి సర్ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి జీవితమును సంగ్రహముగా విన్నవించుచున్నాను.

నాయుడుగారి పేరు మన యిండ్లలో వినని వారుండరు. ఆయనను విశ్వవిద్యాలయాధ్యక్షుడనియు, సర్ బిరుదాంకితుడనియు, ఆంధ్రుల సోక్రటీసనియు మనము కొనియాడుదుము. ఈ గౌరవములన్నియు నిజములే. కాని ఆయన తన యౌవనమునుండి మరణమువఱకు దేనికై పోరాడెనో, ఎవరిని నిలదీసెనో, ఆ విషయమును మాత్రము సభలలో తేలికగా దాటవేయుదుము. ఆడుదాని శరీరమును ధనమిచ్చి కొను మగవాని యాచారమును ఆయన ప్రశ్నించెను. ఆ మగవాడు పరాయివాడు కాడు. పెద్దకుటుంబములవాడు, విద్యావంతుడు, పెండ్లిపందిరిలో ముందు వరుసను కూర్చుండువాడు. ఈ వ్యాసమున నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

జన్మము, విద్యాభ్యాసము

వేంకటరత్నము నాయుడుగారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున తెలగ కుటుంబమున జన్మించిరి. తండ్రి అప్పయ్య నాయుడుగారు సైన్యమున సుబేదారు. తల్లి శేషయమ్మగారు. తండ్రి యుద్యోగరీత్యా ఉత్తరమున చాందాయందును, పిమ్మట హైదరాబాదునందును బాల్యము గడచెను. అందుచేత తెలుగుతోపాటు హిందుస్తానీ, పారసీ భాషలును ఆయనకు చిన్ననాడే పట్టువడెను. సైనికుని యింటి క్రమశిక్షణము, పరభాషా సంస్కారము, ఈ రెండును ఆయన నడవడియందు తుదివఱకు కానవచ్చుచుండెడివి.

ఉన్నత విద్యకై మద్రాసు క్రిష్టియన్ కళాశాలలో చేరి, ప్రసిద్ధ విద్యాచార్యులైన విలియం మిల్లరు దొరగారి శిష్యులైరి. అక్కడనే బ్రహ్మసమాజ సిద్ధాంతములు ఆయన మనస్సును దృఢముగా పట్టుకొనెను. ఏకేశ్వరోపాసన, విగ్రహారాధన నిరాకరణము, కులభేద నిరసనము, స్త్రీ విద్య, వితంతు వివాహము, ఇవి ఆ సమాజపు ప్రధాన సూత్రములు. రాజమహేంద్రవరమున 1874లో వివేకవర్ధనిని స్థాపించి వేశ్యాలోలత్వముపై కలము దూసిన కందుకూరి వీరేశలింగము పంతులుగారి కృషియు ఆయనకు మార్గదర్శకమయ్యెను. పంతులుగారు పరిహాసముచేత సిగ్గుపఱచిన దురాచారమును నాయుడుగారు ప్రతిజ్ఞచేత కట్టుబఱుప బూనిరి.

నాటి యాచారము

ఈ ప్రతిజ్ఞ యెంత కష్టమైనదో తెలియుటకు నాటి కాలపు స్థితిని స్మరింపవలయును. పందొమ్మిదవ శతాబ్దమున మన దేశమున పెండ్లికి మేజువాణి లేకున్న పెండ్లి కాదు. జమీందారు కోటలో పట్టాభిషేకమైనను, దొరవారు గ్రామమునకు వచ్చినను, ఉపనయనమైనను, గృహప్రవేశమైనను, భోగము మేళము కట్టింపనివానికి పరువు లేదు. మేళము లెన్ని వచ్చినవో చూచి పెండ్లి గొప్పతనమును లెక్కించెడివారు. తండ్రి కొడుకును వెంటబెట్టుకొని వచ్చి అదే తివాచీమీద కూర్చుండి పాట వినెడివాడు. ఇల్లాండ్రు మాత్రము తెరవెనుకనుండి చూడవలయును.

ఆ పాటకును ఆటకును వెనుక నొక బాలిక జీవితము దాగియుండెను. ఏడెనిమిదేండ్ల ప్రాయమున గజ్జెపూజ చేసి నేర్పుట, దేవునికి పెండ్లి చేసితిమని మెడలో బొట్టు కట్టుట, ఈడేరిన పిమ్మట కన్నెరికమను పేర ధనవంతు డెవ్వడు మిక్కిలి సొమ్మిచ్చునో వానికి అప్పగించుట, ఇది క్రమము. కడుపున ఆడుబిడ్డ లేని వృద్ధ వేశ్యలు పేద యిండ్లనుండి పసిబిడ్డలను కొని పెంచుకొనుటయు కలదు. 1860లో ఏర్పడిన శిక్షాస్మృతియందే 372, 373 సెక్షనులు మైనరు బాలికలను ఇట్టి వృత్తికై అమ్ముటను, కొనుటను నేరములుగా నిర్ణయించినవి. కాని దేవుని పేర జరిగిన దానిని నేరమని చెప్పుటకు సాక్షులు ముందుకు రారైరి. సాక్షి కావలసిన పెద్దమనుష్యుడే మేజువాణిలో తాంబూల మందుకొనెడివాడు.

నిష్పక్షపాతముగా మఱియొక మాటయు చెప్పవలయును. దేవాలయ స్త్రీలు ఎల్లప్పుడును హీనస్థితిలో నున్నవారు కారు. మన తిరుపతి దేవస్థాన శాసనములయందే విజయనగర ప్రభువుల కాలమున ఆలయసేవ చేసిన స్త్రీలు స్వామివారి నైవేద్యములకై తమ సొంత ద్రవ్యమిచ్చిన దానములు కానవచ్చుచున్నవి. వారికి విద్య యుండెను, ఆస్తి యుండెను, సంగీత నాట్యములు వారి యొద్దనే నిలిచియుండెను. రాజ్యములు పోయి, ఆలయ పోషణము తగ్గి, బ్రదుకుతెరువు ధనికుని దయపై బడిన కొలదిని కళ వెనుకబడి క్రయము ముందుకు వచ్చెను.

శీలవ్రతము

1891లో నాయుడుగారు మద్రాసులో సాంఘిక శుద్ధికై సంఘమును స్థాపించిరి. దీనియందు చేరువాడు స్వయముగా శీలము గలవాడై యుండవలయును. మేజువాణి జరుగు వేడుకకు పోరాదు, తన యింట జరిపింపరాదు. మద్యము ముట్టరాదు. ఇవియే దాని సారము. చెప్పుటకు చిన్న మాటలు. ఆచరించుటకు బంధువులు దూరమగుదురు, యజమానులు కోపింతురు, పెండ్లిపిలుపులు తప్పిపోవును. ఆ కాలమున యువకుడు తన మేనమామ కుమారుని పెండ్లికి పోననుట సామాన్యమైన సాహసము కాదు.

ఇదే సమయమున మద్రాసు హిందూ సంఘ సంస్కరణ సమాజమువారు 1893లో వైస్రాయికిని, మద్రాసు గవర్నరు వెన్లాకు ప్రభువునకును మహజరు పంపిరి. మేజువాణి జరుగు విందులకు దొరవారు దయచేయరాదని వారి ప్రార్థన. ఆ నాట్యములయందు అనుచితమేమియు తమకు కానరాలేదని ప్రత్యుత్తరము వచ్చెను. ఏలినవారు కాదన్నప్పుడు అనేకులు నిరుత్సాహపడిరి. నాయుడుగారు మాత్రము ప్రభుత్వపు ద్వారమునొద్ద నిలువక తరగతి గదిలోనికి నడచిరి. ఈనాటి విద్యార్థియే రేపటి పెండ్లికొడుకు, ఎల్లుండి జమీందారు, ఆ మఱునాడు జడ్జి. వాని మనస్సు మారినచో మేళమునకు పిలుపే యుండదని ఆయన విశ్వాసము.

ఇట్టి యుద్యమములు ఆ కాలమున ప్రపంచమున నితర దేశములందును సాగుచుండెను. ఇంగ్లండులో జోసఫైన్ బట్లరను వనిత, సైనికుల సౌఖ్యమునకై వేశ్యలను పట్టి బలవంతపు పరీక్షలు చేయు చట్టములపై పోరాడి 1886లో వానిని రద్దు చేయించెను. పట్టుబడునది స్త్రీ, విడిచిపెట్టబడునది పురుషుడు, ఇదేమి న్యాయమని ఆమె వాదము. మన దేశమున 1868లో తెచ్చిన అటువంటి చట్టమును 1888లో తొలగించిరి. స్త్రీకొక నీతి, పురుషునికొక నీతి యుండరాదను ఈ సూత్రమునే నాయుడుగారు తెలుగుదేశమున బోధించిరి. ఆయన బోధ చట్టముకన్న ముందు అంతఃకరణమును తాకవలయునని కోరెను.

యౌవనమునందే ఆయన భార్య గతించెను. బంధువులు పునర్వివాహమునకు తొందర చేసిరి. ఆయన అంగీకరింపలేదు. నాటినుండి తెల్లని వస్త్రములు ధరించి బ్రహ్మచర్యమున జీవించిరి. శీలమును గూర్చి పరులకు చెప్పువాడు ముందుగా తాను కొలతకు నిలువవలయునని ఆయన నియమము. అందుచేతనే ఆయన మాటకు బలము కలిగెను. గురజాడవారి కన్యాశుల్కమునందలి గిరీశమువలె నోట నాచి క్వశ్చను, అడుగులు మధురవాణి వాకిటికి నడచు సంస్కర్తలు ఆ కాలమున కొల్లలు. నాయుడుగారిపై మాత్రము విరోధులును అట్టి నింద వేయజాలరైరి.

ఉపాధ్యాయ జీవితము

మద్రాసు పచ్చయప్ప కళాశాలయందును, మచిలీపట్టణమున నోబిలు కళాశాలయందును ఆయన ఆంగ్లము బోధించిరి. 1899నుండి 1904 వఱకు సికింద్రాబాదు మహబూబు కళాశాలకు ప్రధానాచార్యులుగ నుండిరి. అటుపిమ్మట కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు వచ్చి 1919 వఱకు దానికి ప్రధానాచార్యులైరి. ఆ కళాశాలకు తెలుగుదేశమంతట కలిగిన కీర్తికి ఆయనయే మూలము. భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, దేవులపల్లి కృష్ణశాస్త్రి మొదలగువారు ఆయన శిష్యకోటిలోనివారు.

పిఠాపురాధీశ్వరులైన రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహద్దరువారు ఆయన బోధచే ప్రభావితులై బ్రహ్మధర్మమునెడ భక్తి వహించిరి. జమీందారుల కోటలే మేజువాణికి పుట్టినిండ్లైన దినములలో, ఒక మహాసంస్థానాధిపతి ఇట్టి గురువునకు శిష్యుడగుట చిన్న విషయము కాదు. వారి ధనసాహాయ్యమున కాకినాడలో ప్రార్థనామందిరము, అనాథ శరణాలయము వెలసెను. పంచములని దూరముగ నుంచబడిన బాలకులకు వసతి గృహము ఏర్పడెను. కళాశాలలో బాలికలకు బాలురతోపాటు ప్రవేశము కలిగెను. వీనిని వేఱువేఱు సత్కార్యములుగ చూడరాదు. అనాథ బాలికకు నీడయు, పేదబాలునకు చదువును లేనిచోట తార్పుడుకత్తెకు పని సులభమగును. ఆ మార్గమును మూయుటయే శరణాలయము చేసిన మేలు.

1924లో ప్రభుత్వమువారు ఆయనకు సర్ బిరుద మొసంగిరి. 1925నుండి 1928 వఱకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగ నుండిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. ఈ గౌరవము లేవియు ఆయన వేషమును, భోజనమును, నియమమును మార్చలేదు. ఆర్జించినది విద్యార్థులకును అనాథలకును వెచ్చించిరి. 1939వ సంవత్సరము మే 26వ తేదీన కాకినాడలో పరమపదించిరి.

ఫలము

ఆయన జీవితకాలముననే లోకము మారుట కనిపించెను. మైసూరు సంస్థానమువారు 1909లో దేవాలయములందు దేవదాసీ సేవను తొలగించిరి. 1927లో మద్రాసు శాసనసభలో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు ఈ యాచారము మాన్పవలయునని తీర్మానము తెచ్చిరి. ఆమె తల్లి దేవదాసీ కులమున పుట్టినదగుటచే ఆ బాధ ఆమెకు వినికిడి కాదు. 1929లో చట్టసవరణచే ఆలయసేవకు కట్టుబడిన యీనాము భూములు ఆ స్త్రీలకే దక్కునట్లేర్పడెను. 1930లో వేశ్యాగృహములను, తార్పుడుగాండ్రను శిక్షించు చట్టము మద్రాసు రాజధానిలో వచ్చెను. 1947లో ఆడపిల్లలను దేవునికి ముడుపుకట్టుటయే నిషిద్ధమయ్యెను. అప్పటికి మన చిత్తూరు జిల్లాయు మద్రాసు రాజధానిలోనిదే గనుక ఈ చట్టములన్నియు ఈ సీమకును వర్తించినవి.

అయితే ఈ విజయమున నొక లోపమును దాచరాదు. 1927 ప్రాంతమున దేవదాసీ స్త్రీలే కొందఱు సభలు చేసి, తమను విచారింపక తమ బ్రదుకుతెరువు తీసివేయుట న్యాయము కాదని మొఱ పెట్టుకొనిరి. విదుషీమణి బెంగుళూరు నాగరత్నమ్మగారు వారిలో ముఖ్యులు. వారి మాట పూర్తిగ వినిన వారు తక్కువ. మేజువాణిని మానిన పెద్దమనుష్యుడు గౌరవము పొందెను. మేళము మానిన స్త్రీకి అన్నము పోయెను, నింద మాత్రము మిగిలెను. ఆమె నాట్యము ఇతరుల చేతికి పోయి రంగస్థలములపై పూజలందుకొనెను. ఆమె మనుమరాలు కులనామము చెప్పుకొనుటకు సిగ్గుపడెను. శుద్ధి యుద్యమములోని కొందఱు పాపమును ద్వేషింపబోయి పాపమునకు బలియైనదానిని ద్వేషించిరి. నాయుడుగారి వ్రతము నియమించినది ప్రేక్షకుడైన పురుషుని నడవడిని. లోకము దానిని తిరుగవేసి నర్తకి నెత్తిన మోపెను. మనము ఆయన చరిత్ర చదువునప్పుడు ఈ భేదము మఱువరాదు.

ఈ సీమకు పనికివచ్చు పాఠము

ఇవన్నియు గతించిన కథలని కొందఱనుకొనవచ్చును. చిత్తూరు సీమలో మాతమ్మ యాచారమును తలచుకొన్నచో ఆ మాట నిలువదు. నిరుపేద హరిజన కుటుంబమున బిడ్డకు జబ్బు చేసినప్పుడు బాగుపడినచో మాతమ్మకు విడుతుమని మ్రొక్కుదురు. జాతరలో మెడను తాళి పడును. పిమ్మట ఆ పిల్లకు పెండ్లి లేదు. ఊరి మగవారికి ఆమె అందరిదియు, ఆమెకు మాత్రము ఎవ్వరును లేరు. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేవదాసీ సమర్పణమును నిషేధించు చట్టము చేసినను, 2017లో జాతీయ మానవహక్కుల సంఘమువారు ఈ మాతమ్మ యాచారమునుగూర్చి ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వములకు నోటీసులు పంపవలసివచ్చెను.

రాయలసీమ కరవు మఱియొక ద్వారము తెఱచెను. పంట పోయి అప్పు మిగిలిన యింటికి దళారి వచ్చును. పనిమనిషి యుద్యోగమనును, కువాయిత్తనును, పెండ్లి సంబంధమనును. బండి యెక్కిన పిల్ల బొంబాయిలోనో, పూణేలోనో, ఢిల్లీలోనో గదిలో తేలును. కదిరి ప్రాంతపు గ్రామములలో ఇట్లు పోయి తిరిగివచ్చిన స్త్రీలు తామే సంఘములుగ నేర్పడి యితరులను హెచ్చరించుచున్నారు. వారికి మన సభలలో కుర్చీ వేసితిమా యని మనలను మనము ప్రశ్నించుకొనవలయును.

చట్టమును ఆలస్యముగనైనను కొనువానివైపు చూచుట నేర్చుకొనుచున్నది. 1956లో చేసిన అనైతిక వ్యాపార నిరోధ చట్టము ముఖ్యముగ గృహము నడుపువానిని, తార్చువానిని శిక్షించెను. ఆచరణమున మాత్రము తఱచు స్త్రీయే పట్టుబడెను. 1986లో దానిని సవరించిరి. 2013లో శిక్షాస్మృతికి చేర్చిన సవరణచే, అపహరించి తెచ్చిన స్త్రీ యని తెలిసియు ఆమెను భోగించువాడు నేరస్థుడయ్యెను. 2024 జూలైనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితయందును ఆ నియమము నిలిచియున్నది. స్వీడను దేశమువారు 1999లో ఒక యడుగు ముందుకు వేసి, అమ్మిన స్త్రీని విడిచి కొనిన పురుషునే దండించు చట్టము చేసిరి. దాని మంచిచెడ్డలపై వాదము లున్నవి. ఆ స్త్రీల బ్రదుకు మఱింత చాటునకు పోవునని కొందఱందురు. కాని దానికి మూలమైన ప్రశ్న మాత్రము మన మచిలీపట్టణపు సుబేదారు కొమారుడు నూఱేండ్లకు ముందే వేసినది: కొనువాడు లేనిచో అమ్ముడుపోవునది యేమి?

మనకు మిగిలిన పని

నాయుడుగారు కులభేదమును అంగీకరింపలేదు. అట్టివారి పటమును కులసభలో పూలదండతో నిలుపుటకు మనకు అధికారము కలదా యని ఎవరైన నడిగినచో, పుట్టుకచేత కలదని మనము చెప్పజాలము. ఆయన పుట్టుకను గొప్పగ తలపలేదు. ఆయన వ్రతమును పాటించుటచేత మాత్రమే ఆయన మనవాడగును.

మేజువాణి నేడు లేదు. తివాచీలు చుట్టివేసితిమి. కాని జాతరలలో, ఎన్నికల ఊరేగింపులలో, కొన్ని పెండ్లి విందులలో రికార్డింగు డాన్సులను పేర జరుగునది దాని మఱుజన్మము కాదా? అక్కడ గంతులు వేయు పిల్ల యెక్కడినుండి వచ్చినది, ఎవడు తెచ్చినాడు, ఆమెకు దక్కినదెంత యని చందా యిచ్చిన పెద్దలు విచారించుచున్నారా? ఉత్సవ కమిటీలలో మనవారు లేరా? చందా పుస్తకము మన చేతులలో లేదా?

కావున ఈ సభకు విచ్చేసిన పోషకులకును, యువకులకును నా విన్నపము స్వల్పము. అట్టి వేడుకకు పోమని, చందా యీయమని, మన యిండ్లలో జరుపమని ఒక మాట యిత్తము. దాని వెంటనే రెండవ మాటయు నిత్తము. ఏలయన మొదటిది మాత్రమే యిచ్చినవారు పూర్వము స్త్రీని వీధిపాలు చేసిరి. మన విద్యానిధినుండి ప్రతి సంవత్సరము కొంత మొత్తమును మాతమ్మలుగ విడువబడిన వారి బిడ్డల చదువునకు, దళారుల చేతినుండి తిరిగివచ్చిన స్త్రీల జీవనోపాధికి కులము నడుగక వినియోగింతము. కాకినాడలో ఆయన శరణాలయమునకు ద్వారము తెఱచినప్పుడు వచ్చిన బిడ్డ కుల మడిగినవారు కారు.

సభ ముగిసిన పిమ్మట మనలో ననేకులు ఈ మెట్లెక్కి కొండకు పోవుదురు. మొదటి మెట్టునొద్ద సాష్టాంగపడిన భక్తుల శిలారూపములు ఎక్కువారి పాదధూళిని తాకుచు నున్నవి. వారికి నమస్కరించి పాదరక్షలు విడుచునప్పుడు, బ్రహ్మర్షిగారు మనలను విడువుమని కోరిన దానినిగూడ అచటనే విడిచి పైకి నడచుదుము గాక.